చెక్కినవాని పేరు

కొన్ని మాసముల క్రిందట సిరిసిల్లలో ఒక మిత్రుని యింట వివాహమునకు పోయితిని. బంధువులకు బట్టలు పెట్టు వేళ నాకును ఒక నూలు పంచె ఇచ్చిరి. మడత విప్పి చూడగా అంచున బంగారు రంగుతో ఒక ముద్ర కనబడెను. అది బట్ట నమ్మిన వర్తకుని పేరు. పంచె నేసిన వృద్ధుడు మాకు నాలుగు బారల దూరమున అరుగుమీద కూర్చుండి యుండెను. సిరిసిల్లలో నేడు వినబడునది మరమగ్గముల చప్పుడే. చేతిమగ్గము విడువని కొలదిమందిలో ఆయన యొకడు. నేను చనువు తీసికొని, "తాతా, ఈ ముద్ర పక్కన నీ పేరు గూడ ఉంటె బాగుండు గదా" అంటిని. ఆయన నవ్వెను. "నా పేరు లేదని ఎవరన్నరు సారూ? పోగు తెగితె, మరక పడితె మొదలు అడిగేది నా పేరే గద" అనెను.

అందఱును నవ్విరి. నేనును నవ్వితిని. జగిత్యాలకు తిరిగి వచ్చు దారి పొడవున ఆ మాట నన్ను విడువలేదు. బట్ట బాగున్నప్పుడు వర్తకుడు జ్ఞాపకము వచ్చును; బట్ట చెడినప్పుడు నేతగాడు జ్ఞాపకము వచ్చును. పేరు లేదని కాదు. పేరు తప్పుల పుస్తకములో మాత్రమే ఉన్నది. ఇది ఒక్క సిరిసిల్ల సంగతియా? పలువురి చేతులు కలసి చేసిన వస్తువునకు ఒక్కని పేరు పెట్టుట ధర్మమేనా? పేరు అను నది అహంకారపు కొసరు మాత్రమే యైనచో ఈ ప్రశ్నకు విలువ లేదు. కాదని నాకు తోచుచున్నది. ఎందుకు కాదో చెప్పుటకు సముద్రము దాటి యొక చిత్రకారుని జీవితము నుదాహరింపవలసి యున్నది. ఆయన జపాను దేశస్థుడు. పేరు యోషిదా హిరోషి.

సిరిసిల్ల పంచెకును జపాను చిత్రమునకును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. మొదటి సంబంధము చాల చిన్నది. 1930 చివర ఈ హిరోషి తన పెద్దకుమారుడు తోషిని వెంటబెట్టుకొని హిందూదేశమునకు వచ్చెను. కాశీఘట్టము, తాజమహలు, కాంచనగంగ, మధుర మీనాక్షి యాలయము చూచెను. అజంతా, ఎల్లోరా గుహలకును పోయెను. నాడు ఆ గుహలున్న ఔరంగాబాదు జిల్లాయు, మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలును ఒకే సంస్థానములోనివి. అనగా ఆయన మన నిజాము రాజ్యమునకే వచ్చి పోయినాడు. ఆ ప్రయాణపు ఫలముగా 1931, 1932 సంవత్సరములలో 32 అద్దకపు చిత్రములు వెలువడినవి. రెండవ సంబంధము పెద్దది. ఈ ప్రశ్న ఆయన చేతి క్రిందనే నలిగినది. ఆయన దానికి ఒక విధమైన సమాధానము చెప్పినాడు. ఆ సమాధానము సగమే సరియైనదని నా అభిప్రాయము.

హిరోషి 1876లో క్యూషూ ద్వీపమునందలి కురుమె అను ఊరిలో జన్మించెను. పుట్టింటి పేరు ఉయెదా. బాలుని చేతి నేర్పు చూచి, బడిలో బొమ్మలు నేర్పు యోషిదా కసబురో అను నుపాధ్యాయుడు 1891లో వానిని దత్తు తీసికొనెను. నేడు మనము చెప్పుకొను ఇంటిపేరే ఆయనకు గురువు పెట్టిన భిక్షము! ఆ గురువు కుమార్తె ఫుజియోయే తరువాత భార్య యైనది, ఆమెయు చిత్రకర్త్రి. 1899లో హిరోషి ఒక మిత్రునితో కూడ నీటిరంగుల చిత్రములు మూటగట్టుకొని అమెరికా చేరెను. డెట్రాయిటు నగరపు చిత్రశాలలో అవి ప్రదర్శింపబడి బాగుగ అమ్ముడుపోయినవి. పేదయింటి పిల్లవానికి అది గొప్ప విజయము. అటు తరువాత ఇరువదేండ్లు ఆయన నూనెరంగులతోను నీటిరంగులతోను పని చేసినాడే కాని, కొయ్య అచ్చు జోలికి రాలేదు. 1920లో వతనబె షొజబురొ అను ప్రకాశకుడు ప్రోత్సహింపగా మొదటిసారి అద్దకమునకు చిత్రము గీసి యిచ్చెను. అప్పటికి ఆయనకు 44 ఏండ్లు.

1923 సెప్టెంబరు 1న టోకియోలో భూకంపము వచ్చినది. పిమ్మట చెలరేగిన మంటలలో వతనబె అంగడి కాలినది. హిరోషి చిత్రములకై చెక్కిన దిమ్మలును కాలినవి. అదే మంటలలో మన అజంతాకు చెందిన యొక నిధియు పోయినది. అంతకు కొన్ని యేండ్ల ముందు అరాయి కంపో అను జపాను చిత్రకారుడు కలకత్తాకు వచ్చి, అక్కడనుండి అజంతా చేరి, గుహల గోడలమీది చిత్రములకు శ్రద్ధతో నకళ్లు వ్రాసికొని పోయియుండెను. అవి టోకియో విశ్వవిద్యాలయములో ఉండెను. అవియు భస్మమైనవి. నకలు వ్రాసినవాని పేరు నేను చెప్పగలుగుచున్నాను. అసలు వ్రాసినవాని పేరు ఎవరును చెప్పజాలరు. ఈ మాట మరల వచ్చును.

కొయ్య అచ్చుతో చిత్రము ఎట్లు తయారగునో కొంచెము తెలిసికొననిదే మన ప్రశ్న లోతు తెలియదు. జపానులో ప్రాతకాలమునుండి ఈ పని నలుగురిది. ప్రకాశకుడు సొమ్ము పెట్టి, ఏది అమ్ముడుపోవునో నిర్ణయించును. చిత్రకారుడు పలుచని కాగితముమీద గీత గీయును. చెక్కువాడు ఆ కాగితమును బోర్లించి అడవి సకురా కొయ్య దిమ్మమీద అంటించి, గీతలు మాత్రము ఉబ్బెత్తుగ నిలుచునట్లు చుట్టునున్న కొయ్యను తొలచును. రంగు కొక దిమ్మ. అద్దువాడు దిమ్మకు రంగు పూసి, తడికాగితము పఱచి, వెదురు పొరలో చుట్టిన గుండ్రని బిళ్లతో వెనుకనుండి రుద్దును. దిమ్మ మూలనున్న చిన్న గంటులో కాగితపు అంచు కూర్చునట్లు ప్రతిసారియు పెట్టవలెను. ఆ గంటు వెండ్రుకవాసి తప్పినచో రంగు గీత దాటి పోవును. అంతవఱకు చేసిన పని యంతయు వ్యర్థమగును.

ఇందులో ఒక సంగతి నన్ను మొదటిసారి విన్నప్పుడు నిశ్చేష్టుని చేసినది. చిత్రకారుడు గీసిన కాగితము దిమ్మమీద అంటి, ఉలి క్రింద ముక్కలై పోవును. అది మిగులదు. కావున మనము హొకుసాయి గీత అని, హిరొషిగె గీత అని ముచ్చటపడి చూచునది యథార్థమున చెక్కువాని గీత. 1831 ప్రాంతమున వెలసిన హొకుసాయి పెద్ద కెరటపు చిత్రమును లోకమెల్ల ఎఱుగును. ఆ నురుగు కొనలను గోళ్లవలె తీర్చిన ఉలి ఎవరిదో ఎవరును అడుగరు. అడిగినవాడు ఒక్కడే, హొకుసాయి. ఆయన చిన్నతనమున తానే అచ్చులు చెక్కు పని నేర్చినవాడు. ముసలితనమున ప్రకాశకులకు వ్రాసిన జాబులలో, తన పుస్తకము ఎగవా తొమెకిచి అను వాని చేతనే చెక్కింపుడని పట్టుబట్టెను. ఇతరులు తాను గీసిన ముక్కులను తమ అలవాటు చొప్పున మార్చివేయుచున్నారని నొచ్చుకొనెను. పనిలో నున్నవానికి తోటి పనివాని పేరు తెలియును. కొనువానికే తెలియదు.

భూకంపము తరువాత హిరోషి మిగిలిన చిత్రములను తీసికొని మరల అమెరికాకు పోయెను. అచ్చటివారు జపాను అద్దకములను ఎగబడి కొనుచుండుట చూచెను. అందులో నాసిరకము లెన్నియో యుండుటయు చూచెను. 1925లో తిరిగివచ్చి ప్రకాశకుని విడిచి, స్వంతముగ కార్ఖానా పెట్టెను. చెక్కువారిని, అద్దువారిని తానే కుదుర్చుకొనెను. పని చెప్పువానికి పని చేయువానికంటె ఎక్కువ తెలియవలెనని ఆయన పట్టుదల. ఏబదేండ్ల వయసున ఉలి పట్టి నేర్చెను, రుద్దుట నేర్చెను, కొన్ని దిమ్మలను తానే చెక్కెను. వాడుకలో పది పదునైదు అద్దకములతో ముగియు చిత్రమునకు ఆయన ముప్పదియు, అంతకు మించియు వేయించెను. 1926 నాటి తెరచాప పడవల చిత్రములు చూడుడు: ఒకే దిమ్మలు, రంగులు మాత్రము వేఱు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, మంచు, రాత్రి, అన్నియు ఆ కొయ్యలోనుండియే వచ్చినవి. తాజమహలును సైతము పగలు ఒక విధముగను, వెన్నెలలో ఒక విధముగను తీర్చినాడు. రంగు మాఱినచో కాలము మాఱును. ఆ మార్పంతయు అద్దువాని మణికట్టులో నున్నది.

ఆయన చిత్రముల ఎడమ అంచున ఒక చిన్న ముద్ర యుండును. 'జిజురి' అని చదువుదురు. 'స్వయముగ అద్దినది' అని దాని యర్థము. నేడు ఆ ముద్ర యున్న ప్రతికి వెల హెచ్చు, లేనిదానికి తగ్గు. ముద్ర యున్నదనగా హిరోషి దగ్గఱ నిలిచి ప్రతి అద్దకమును చూచినాడని నమ్మకము. కాని కాగితముమీద రుద్దిన చేయి అనేక పర్యాయములు ఆయనది కాదు. కూలికి కుదిరిన నిపుణునిది.

ఇది అబద్ధమా? తొందరపడి అట్లనజాలను. ఆయన ముద్ర వేయుటలో ఒక నిజాయితి యున్నది. చెడు ప్రతి బయటికి పోయినచో నింద నాది, అను హామీ అందులో నున్నది. సిరిసిల్ల వర్తకుడు పంచెమీద ముద్ర వేసి, మరక పడినప్పుడు నేతగాని పేరు వెదకును. హిరోషి మెప్పును నిందను రెంటిని తానే తలకెత్తుకొనెను. ఈ భేదము తక్కువది కాదు. కాని 'నేను బాధ్యుడను' అనుటకును 'నేనే చేసితిని' అనుటకును నడుమ ఒక సన్నని గీత యున్నది. ఆ గీతను హిరోషి వంటి సూక్ష్మదృష్టి గలవాడే దాటినాడు. ఆనాటి ప్రకాశకులలో కొందఱు చెక్కినవాని పేరు, అద్దినవాని పేరు కాగితపు అంచున అచ్చువేసియే యున్నారు. కావున అది అసాధ్యమైన పని కాదు, తోచనిదియు కాదు.

ఇదే కాలమున జపానులో మఱియొక గుంపు వేఱు దారి పట్టినది. తానే గీసి, తానే చెక్కి, తానే అద్దినదే నిజమైన కళ యని వారి మతము. 1904లో యమమొతొ కనయె అను యువకుడు చేసిన 'జాలరి' అను చిత్రముతో ఆ యుద్యమము మొదలైనదందురు. వినుటకు ఎంతో శుద్ధముగ నున్నది. మన దేశమున తన నూలు తాను వడికి కట్టుకొన్నవారు జ్ఞాపకము వత్తురు. అయితే నాకొక సందేహము. తాను స్వయముగ చెక్కుకొన్నవాడు చెక్కువానికి అన్యాయము చేయడు; నిజమే. కాని చెక్కువానికి న్యాయమును చేయలేదు. అన్యాయమున పాలు పంచుకొనకుండుట తన మనశ్శాంతికి మందు. ఇంటికి పోయిన పనివానికి అది కూలి కాదు, పేరును కాదు. సంస్కారప్రియులమగు మనము ఈ రెంటిని కలగాపులగము చేయుట కద్దు.

ఈ సంగతి నేను ముచ్చటించినప్పుడు ఒక పెద్దలు, వేదాంతమున పండినవారు, నన్ను మందలించిరి. పేరు కోరుట రజోగుణమనియు, మన పూర్వులు ఫలాపేక్ష లేక పని చేసిరి గనుకనే అజంతా వంటివి నిలిచినవనియు, నేను పాశ్చాత్యుల పేరాసను తెచ్చి పనివారి తలకెక్కించుచున్నాననియు వారి మాట. వారియెడ నాకు గౌరవము కలదు. కాని అజంతాకు పోయి 16వ గుహ ముందఱ నిలిచినచో ఏమి కనబడును? ఆ గుహను తొలిపించినవాడు వాకాటక రాజగు హరిషేణుని మంత్రి వరాహదేవుడని గోడమీద శాసనము కలదు. 26వ గుహలో బుద్ధభద్రుడను భిక్షువు తన దానమును చెక్కించెను. దాత వైరాగ్యమూర్తి యైనను పేరు వ్రాయించుకొన్నాడు, భిక్షువును వ్రాయించుకొన్నాడు! గోడమీద బోధిసత్త్వుని కనుబొమ తీర్చినవాడు మాత్రమే నిష్కామకర్మ చేసెనని మనము చెప్పుకొనుచున్నాము. నిష్కామమును ఒకరు వేఱొకరిమీద విధింపరాదు. పేరు వద్దన్నవాడు వేఱు. పేరేమని అడుగబడనివాడు వేఱు. మొదటివాడు త్యాగి, రెండవవానికి త్యాగము చేయుటకు చేతిలో ఏమియు లేదు.

దానికి ఎదురుగ, మన తామ్రశాసనములలో కొన్నింటి చివర, రాజుల బిరుదులన్నియు ముగిసిన పిమ్మట, రేకుపై అక్షరములు చెక్కినవాని పేరు కూడ ఉండును. కావున పనివాని పేరు చెప్పుట పరదేశపు పురుగు కాదు. మన యింటిలోనే యుండి మనము పోగొట్టుకొన్న మర్యాద.

కొయ్య అచ్చు మన తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. బందరు ప్రక్క పెడనలో నేటికిని టేకు దిమ్మలమీద అచ్చులు చెక్కువారు కలరు. కరక్కాయ రసములోను పాలలోను నానవేసి యెండబెట్టిన గుడ్డమీద, ఇనుమును బెల్లమును నానబెట్టి తీసిన నలుపును, పటిక కలిపిన ఎఱుపు మందును, ఒక దిమ్మ తరువాత ఒక దిమ్మగ అద్దుదురు. పువ్వుకొక దిమ్మ, ఆకుకొక దిమ్మ, అంచుకొక దిమ్మ. దీని పేరు కలంకారి. శ్రీకాళహస్తిలో వెదురు కలముతో వ్రాయుదురు గనుక అక్కడ ఆ పేరు సార్థకము. పెడనలో పని యంతయు దాదాపుగ దిమ్మది; పేరు మాత్రము కలముది! వస్తువు పేరులోనే గీసినవానికి చోటు దొరకినది, చెక్కినవానికి దొరకలేదు. ఈ తీరపు అద్దకపు బట్టలు ఒకనాడు ఒలాందావారి ఓడలలో జపాను చేరినవి. అక్కడివారు వానిని 'సరసా' అని పిలిచి, చిన్న పీలికలను గూడ పారవేయక, తేనీటి పూజకు వాడు పాత్రలకు సంచులుగ కుట్టి దాచుకొనిరి. హిరోషి పుట్టుటకు రెండు వందల యేండ్లకు ముందే మన అచ్చుదిమ్మ జపాను ఇండ్లలో ప్రవేశించినది. ఎవని దిమ్మ? తెలియదు.

ఇక మన కోరుట్ల. నేడు కోరుట్ల అనగానే బీడీలు జ్ఞాపకము వచ్చును. ఒకనాడు ఆ ఊరు కాగితమునకు పేరు పడినది. చేతితో చేసిన ఆ ముతక కాగితమును పట్వారీలు లెక్కల పుస్తకములకు వాడుచుండిరని ఇరువదవ శతాబ్ది మొదటి గెజెటీరులు చెప్పుచున్నవి. ఎవని పొలమెంత, ఎవడెంత శిస్తు కట్టెను, ఎవడు బాకీ పడెను, జిల్లాలోని పేర్లన్నియు ఆ కాగితముమీద ఎక్కినవి. పట్వారీ చేవ్రాలు చేసెను. రైతు వ్రేలిముద్ర వేసెను. కాగితము చేసినవానికి ఆ కాగితముమీదనే చోటు లేకపోయెను. జపానులో 1950లో ఒక చట్టము వచ్చినది. దానినిబట్టి 1955 మొదలు, అరుదైన చేతిపని నెఱిగిన వారిని దేశపు సంపదగ పేరుపేరున గుర్తించి, పని సాగుటకు ఏటేట సొమ్ము ఇచ్చుచున్నారు. అద్దకపు చిత్రములకు వాడు కాగితము చేయు ఎచిజెన్ ప్రాంతపు ఇవనొ ఇచిబె అను నతనికి 1968లో ఆ గౌరవము దక్కినది. చిత్రకారునికి కాదు, చిత్రము క్రింది కాగితము చేసినవానికి! ఆ పని అక్కడ నేటికిని సాగుచున్నది. కోరుట్ల కాగితము లేదు. పేరు పెట్టుటచేతనే ఒక పని బ్రతుకునని నేననను. ధర, గిరాకి, మిల్లులు అను కారణములు వేఱుగ కలవు. కాని పేరు లేని పని చచ్చినప్పుడు ఏడ్చుటకును ఎవరును ఉండరు.

బీడీల మాట వచ్చినది గనుక ఒక్కటి చెప్పి ముందుకు పోయెదను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడలలో మధ్యాహ్నవేళ ఏ గుమ్మము ముందఱ చూచినను ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించు స్త్రీలు కనబడుదురు. వేయి బీడీలు చుట్టునప్పటికి వెన్ను విరుగును. కట్టమీద అంటించు లేబిలుపై తఱచుగ యజమాని ఫోటో యుండును. ఒక తల్లి తన బిడ్డకు అక్షరములు చెప్పుచు ఆ లేబిలునే చదివించుట నేను చూచితిని.

సిరిసిల్లలో పని వరుస జపాను వరుసకంటె చిక్కనిది. నూలు కొని యిచ్చువాడు యజమాని. మగ్గములు పెట్టుకొని కూలికి నేయించువాడు ఆసామి. రాత్రి పగలు మగ్గముల నడుమ తిరుగువాడు కార్మికుడు. వానికి కండెలు చుట్టి యిచ్చునది స్త్రీ. ఆమె కూలి అందఱికంటె తక్కువ. మీటరు లెక్కన వచ్చు పైసలు ఈ మెట్లు దిగునప్పటికి ఎంత మిగులునో ఊహింపవచ్చును. 2017 మొదలు కొన్ని యేండ్లు రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ పండుగకు ఆడపడుచులకు చీరలు పంచినది. వానిలో పెక్కు భాగము సిరిసిల్లలో నేయించినది. దానివలన అప్పుల పాలైన వాడలకు పని దొరకినది. ఆ మేలు మరువరాదు. అయినను, పంచినవారి పేరు ఎఱుగని యిల్లు లేదు. నేసినవారి పేరు ఎఱిగిన యిల్లును లేదు. 16వ గుహ శాసనము మరల జ్ఞాపకము వచ్చుచున్నది.

సిరిసిల్ల నేతగాని పేరు లోకమునకు తెలియనే లేదా? తెలిసినది. అగ్గిపెట్టెలో ఇముడు చీర నేసిన నల్ల పరంధాములు పేరు మనమందఱము విన్నాము. 2022 నవంబరులో వెల్ది హరిప్రసాదు చేతిమగ్గముపై జీ-20 చిహ్నమును నేసి పంపగా ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ఆ పేరు చెప్పెను. వారి నేర్పునకు నమస్కారము. కాని ఆలోచింపుడు. అగ్గిపెట్టెలో పట్టు చీర నేసినచో పేరు వచ్చును; వేయిమంది కట్టుకొను చీర నేసినచో రాదు. అద్భుతము చేసినవానిని మనుష్యునిగ గుర్తింతుము. అవసరము తీర్చినవానిని మగ్గములో నొక భాగముగ చూతుము. ఇది మన కంటి దోషము కాని నేతగాని దోషము కాదు.

ఇంత వ్రాసి నేను నిర్దోషినని చెప్పుకొనుటకు వీలు లేదు. పదునైదేండ్ల క్రిందట మా ప్రాంతపు పాత గుడులను గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించితిని. ముఖచిత్రము కొయ్య అచ్చుతో నుండవలెనని నాకు సరదా. నా తోటి యుపాధ్యాయుడొకడు గోపురమును గీసి యిచ్చెను. మా వీధి వడ్లాయన టేకు చెక్కమీద చెక్కి యిచ్చెను. కూలి తీసికొనుటకు మొగమాటపడి, బలవంతము చేయగా సగము తీసికొనెను. పీఠికలో నేను విరాళ మిచ్చినవారిని, ప్రూఫులు దిద్దినవారిని, బొమ్మ గీసినవానిని, కడకు కాగితము చవుకగ ఇప్పించినవానిని పేరు పేరున స్మరించితిని. వడ్లాయన ఒక ప్రతిని చేత పట్టుకొని, అట్టను రెండు మూడు పర్యాయములు తడిమి, లోపల పుటలు నెమ్మదిగ త్రిప్పి చూచి, "మంచిగ వచ్చింది సారు" అని పోయెను. ఆయన చదువ నేర్చినవాడు. ఏమి వెదకుచుండెనో నాకు అప్పుడు తోచలేదు. కిందటి యేడు ఆయన మనుమరాలు నా యొద్దకు వచ్చి, "తాత చెక్కిండు అంటరు గద సారూ, మరి లోపల పేరేది?" అని యడిగినది. నేను పీఠిక తెఱచి, ఉన్నదేమో యను ఆశతో, నేనే వ్రాసిన దానిని మరల చదివితిని.

ఇప్పుడా పుస్తకము రెండవ కూర్పు రాబోవుచున్నది. పీఠిక తిరుగవ్రాసి, వడ్లాయన దుకాణమునకు పోయి, పేరు ఎట్లు వ్రాయవలెనో అడిగితిని. ఆయన చేతిలోని బాడిసె ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుండెను. "వెయ్యుండ్రి. కని సన్నగీతలు నేను తియ్యలేదు సారు. అప్పటికే నాకు కండ్లు ఆనకపోతుండె. మా తమ్ముని కొడుకు తీసిండు. వాని పేరు ముందట పెట్టుండ్రి" అనెను. పదునైదేండ్లు నేను మఱచినది ఒక పేరు కాదు, రెండు పేర్లని అప్పుడు తెలిసినది.

ఆ తమ్ముని కొడుకు మన ఊళ్ల పిల్లలు చాలమందివలె గల్ఫునకు పోయి, అక్కడ తలుపులు బిగించు పనిలో నున్నాడు. శుక్రవారము సెలవునాడు ఫోనులో దొరకెను. సంగతి చెప్పితిని. ఏ అచ్చు, ఏ పుస్తకము అని వాడు చాలసేపు గుర్తు పట్టలేదు. గుర్తు వచ్చిన తరువాత మొట్టమొదట అడిగినది తన పేరు సంగతి కాదు. గోపురము మీది కలశము దగ్గఱ ఒక గీత ఉలి జారి విరిగినదట. దానిని నేను కనిపెట్టితినా యని యడిగెను. నాకు తెలియదంటిని. ఫోను పెట్టి, పుస్తకము తీసి, వెలుతురులో పట్టి చూచితిని. విరిగియే యున్నది.